రెండో స్పీకర్ పెట్టె

బావ రెండో స్పీకర్ పెట్టెను తోపుడు బండి మీద తెచ్చి సాయంత్రం కచేరీ జరిగే హాలు వెనక గుమ్మంలో దించగానే నేను వంగి చూశాను. పెట్టె వెనక చిన్న రేకు మీద నాలుగు ఓమ్స్ అని ఉంది. బావ సొంత పెట్టె ఎనిమిది ఓమ్స్. ఆయన గిటారు మోత పెంచే యాంప్ వెనక అచ్చేసిన మాట నాకు కంఠతా వచ్చు: మొత్తం కలిపి నాలుగుకి తగ్గకూడదు.

"ఎక్కడిది బావా ఇది?"

"రిహార్సల్ గది ఆయన్ని అడిగి పట్టుకొచ్చా. ఎలా ఉంది? దున్నపోతులా ఉంది కదూ!" అని దాని వీపు చరిచాడు.

"రెండూ కలిపి పెట్టకూడదు."

"ఎందుకు పెట్టకూడదు? ఎనిమిదీ నాలుగూ పన్నెండు. నాలుగు కంటే ఎక్కువే కదా. నాకు లెక్కలు రావనుకున్నావా?"

లెక్క అక్కడే తిరగబడుతుంది. ఓమ్స్ అంటే కరెంటుకు పెట్టె వేసే అడ్డు. రెండు పెట్టెల్ని పక్కపక్కన తగిలిస్తే ఓమ్స్ కూడుకోవు, తగ్గుతాయి. కరెంటుకు రెండు దారులు దొరుకుతాయి కాబట్టి రెండింట్లోంచీ పారుతుంది. ఎనిమిదీ నాలుగూ కలిస్తే మూడు కూడా ఉండదు. ఆ అంకె ఎంత చిన్నదైతే యాంప్ మీద అంత బరువు. ఈ మాట బావకి ఎన్నిసార్లు చెప్పానో. ప్రతిసారీ తలూపుతాడు, ప్రతిసారీ మళ్లీ కూడతాడు.

నేను రేడియోలూ యాంపులూ బాగుచేసే మనిషిని. బావ బేస్ గిటారు వాయిస్తాడు, మా అక్క డ్రమ్స్ వాయిస్తుంది. పెళ్లికి ముందు నుంచీ ఇద్దరిదీ ఒకే బృందం. వాళ్ల కొట్లాటలు కూడా తాళం తప్పవని మా అమ్మ అనేది. పాడేవాడు మాత్రం కొత్త. వాడి గొంతుకి మైకు దండగ, అందుకే కంచుగొంతు అని పిలుస్తాం. బేస్ మోత ఎక్కువైపోయి తన పాట మునిగిపోతోందని వాడు ఈమధ్య ఒకటే గొణుగుడు. ఇవాళ కూడా ఇలాగే ఉంటే బేస్‌కి వేరే మనిషిని చూసుకుంటానని అక్కతో మొహం మీదే అన్నాడట. బృందాన్ని పుట్టించిన బావనే బృందంలోంచి తీసేస్తాడట! వినగానే నాకు ఒళ్లు మండిపోయింది. అయినా వాడిది తప్పని అనలేకపోయాను, మోత నిజంగానే ఎక్కువైంది.

బావ గొడవ వేరు. "యాంప్ చచ్చిందిరా, బేస్ రావట్లేదు" అంటూ ఎండాకాలంలో దాన్ని తెచ్చి నా షాపు బల్ల మీద పెట్టాడు. విప్పి చూశాను. లోపలి భాగాలన్నీ పరీక్షించాను, స్పీకర్‌కి మీటరు పెట్టాను. అన్నీ గుండ్రాయిల్లా ఉన్నాయి. పట్టుకెళ్లి వాయించి, మళ్లీ అదే మాటతో వచ్చాడు. ఇంకోసారి విప్పాను. ఇంకోసారి ఏమీ లేదు.

తర్వాతొక రోజు ఇద్దరం రోడ్డు పక్కన నడుస్తున్నాం. వెనక నుంచి లోడు లారీ వస్తోంది, నా కాళ్ల కింద నేల అదురుతోంది. బావ నాతో కబుర్లు చెబుతూనే రోడ్డు మీదికి అడుగేశాడు. చెయ్యి పట్టి ఇవతలికి లాగాను. "అదెప్పుడొచ్చింది?" అన్నాడు. నా మాటలన్నీ ఆయనకి వినిపిస్తున్నాయి. పిట్ట అరిస్తే వినిపిస్తుంది, పక్కింటి కుక్కర్ విజిల్ వినిపిస్తుంది. లారీ హోరు మాత్రం వినిపించలేదు. అప్పుడు నాకు సంగతి అర్థమైంది. ఆయన చెవులకి కింది స్వరాలు అందడం లేదు. లోకంలో అన్నీ వినపడుతూ, తను వాయించేది ఒక్కటే వినపడకుండా పోతోంది.

అక్కకి చెప్పాను. చాలాసేపు ఒకే గిన్నెను తోముతూ ఉండిపోయింది.

"ఆయనకి చెప్పకురా," అంది చివరికి. "డాక్టరు దగ్గరికి ఏదో ఒక వంకతో నేను తీసుకెళ్తా. ఈ లోపల తెలిసిందంటే మీ బావ మంచమెక్కుతాడు. యాంప్ మీదకి నెట్టెయ్. పాతబడిపోయిందను."

నెట్టేశాను. "ఒక్క పెట్టెతో బేస్ చాలట్లేదు బావా, యాంప్ కూడా పాతబడింది" అని నా నోటితో నేనే అన్నాను. అప్పట్నుంచి ఆయన యాంప్ మీద మోత పెంచే నాబ్ తిప్పుకుంటూ పోయాడు, కంచుగొంతు పళ్లు నూరుకుంటూ పోయాడు. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి అక్కకి వంక దొరకలేదు. ఇవాళ రెండో పెట్టె వచ్చి మా నెత్తిన కూర్చుంది.

"ఒక్కటే పెట్టుకో బావా," అని బతిమాలాను. "కావాలంటే ఈ కొత్తదే పెట్టుకో. నాలుగు దాకా యాంప్ మోస్తుంది."

"ఒక్కదాంతో చాలట్లేదని నువ్వేగా అన్నావు?"

 స్టేజీ మీద అక్క డ్రమ్స్ బిగించుకుంటూ నా వైపు చూసింది. చెప్పకు అని ఆ చూపు. అప్పుడు నాకొక దారి తట్టింది. రెండు పెట్టెల్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చేలా వేరే కేబుల్ కడితే బావ లెక్క ప్రకారం నిజంగానే పన్నెండు అవుతుంది. యాంప్ బతుకుతుంది, మోత తగ్గుతుంది, కంచుగొంతు శాంతిస్తాడు. బావకి ఎలాగూ... ఆ మాట మనసులో కూడా పూర్తి చెయ్యలేకపోయాను.

"కాసేపాగు, కేబుల్ కట్టి తెస్తా. అందాకా పాతదాంతోనే వాయించు, రెండోదాన్ని ముట్టుకోకు," అని స్టేజీ వెనక గదిలోకి పరిగెత్తాను.

తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్ ఎంతకీ వేడెక్కి చావదు. తీగ చివరలు ఒలిచి అతికించబోతే వేలు కాలింది. బయట కంచుగొంతు కసురుకోవడం వినిపించింది: "సాయంత్రానికి జనం వచ్చేస్తారు, ఇంకా ఎంతసేపండీ?" ఒక పాట మొదలై అయిపోయింది. ఒక్క పెట్టెతోనే వాయిస్తున్నాడని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. రెండో పాట అందుకోగానే బేస్ మోతకి గది తలుపు గొళ్లెం టకటకలాడింది. చేతిలోది చేతిలోనే పారేసి లేచాను.

బావ మామూలు కేబుల్‌తోనే రెండోదాన్ని పాతదాని పక్కన తగిలించేశాడు. రెండూ ఊగిపోతున్నాయి. కంచుగొంతు ఆముదం తాగిన మొహంతో పాడుతున్నాడు. యాంప్ మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశాను, పెనంలా కాలిపోతోంది. ఆపమని బావకి సైగ చేశాను. పాటలోకి దిగితే ఆయన కళ్లు మూసుకుంటాడు, నన్ను చూడనే లేదు. నేను స్విచ్ వెతికి పట్టుకునేలోపే ఎర్ర లైటు వెలిగింది. తనని తాను కాపాడుకోడానికి యాంప్ మూతపడింది. బేస్ ఆగిపోయింది.

హాలంతా ఒక్కసారిగా బోసిపోయింది. కంచుగొంతు పాడుతూనే వెనక్కి తిరిగాడు. అక్క చేతులు తడబడి మళ్లీ తాళం అందుకున్నాయి.

బావ వాయిస్తూనే ఉన్నాడు.

కళ్లు మూసుకుని తలూపుతూ వాయిస్తున్నాడు. వేళ్లు తీగల మీద ఎక్కడా తప్పడం లేదు. కంచుగొంతు పాట ఆపబోతే వద్దని చెయ్యి ఊపాను. ఆపితే ఆ క్షణమే ఆయనకి తెలిసిపోతుంది. పాట సాగినంతసేపూ తెలియదు. అంతకంటే నాకేమీ తోచలేదు. చరణం వెళ్లి మళ్లీ పల్లవి వచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు.

పాట అయిపోయింది. బావ కళ్లు తెరిచి నా వైపు తిరిగాడు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"చూశావా? ఇప్పుడు వచ్చిందిరా అసలైన బేస్! రెండో పెట్టెతో ఎంత తేడా!"

అక్క డ్రమ్ కర్రలు ఒళ్లోకి దించుకుంది. నవ్వు అలాగే ఉంచుకుని మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు. తర్వాత యాంప్ వైపు చూశాడు. అదురు తగులుతుందేమోనని పెట్టె ముందున్న గుడ్డ మీద అరచెయ్యి ఆనించి, రెండో చేత్తో తీగ లాగాడు. ఇంకోసారి గట్టిగా లాగాడు.

"ఎప్పుడాగింది?"

"మొదటి చరణం అయ్యాక," అన్నాను.

"మరి ఇన్నాళ్లూ దీనికి ఏం బాగుచేశావురా నువ్వు?"

"ఏమీ చెయ్యలేదు బావా. దానికేం కాలేదు."

అక్క లేచి వచ్చి ఆయన భుజం పట్టుకుంది. "నేనే చెప్పొద్దన్నాను. తిట్టాలనుంటే నన్ను తిట్టు."

బావ తిట్టలేదు. గిటారు ఒళ్లో పెట్టుకుని స్టేజీ అంచున కూర్చున్నాడు. కంచుగొంతు మైకు స్టాండును అటూ ఇటూ జరుపుతూ, "అన్నా, నాకు తెలీదు" అని నసిగాడు.

"నీదేముందిలే. మునిగింది నీ పాటే కదా," అన్నాడు బావ. కాసేపటికి లేచి రెండో పెట్టె కేబుల్ తనే పీకేశాడు. యాంప్ చల్లారాక స్విచ్ వేశాను. ఎర్ర లైటు రాలేదు.

"వెళ్లి హాలు మధ్యలో నిలబడు," అన్నాడు నాతో. "మోత ఎక్కువైతే చెయ్యెత్తు, సరిపోయాక దించు. మళ్లీ నా మీద జాలి చూపించావంటే కాళ్లు విరగ్గొడతా."

ఖాళీ కుర్చీల మధ్య నిలబడ్డాను. అక్క తాళం ఎత్తుకుంది. బావ ఈసారి కళ్లు తెరిచే వాయించాడు. మోత నా ఛాతీలో అదురుతోంది. చెయ్యెత్తాలి, చెయ్యి రాలేదు. ఆయన నా వైపే చూస్తున్నాడు. ఎలాగో ఎత్తాను. నాబ్ తగ్గించాడు. నేను చెయ్యి దించలేదు, ఆయన ఇంకా తగ్గించాడు. ఇంకా దించలేదు. తగ్గించే ముందు ఒక్క క్షణం ఆగాడు, మళ్లీ తగ్గించాడు. కంచుగొంతు పాట పైకి తేలింది. అక్క కొట్టే ప్రతి దెబ్బా విడిగా వినిపించింది. వాటి కింద బేస్ ఒద్దికగా సర్దుకుంది. ఎన్నో నెలల తర్వాత అది బృందంలా వినిపించింది.

చెయ్యి దించాను.

"సరిపోయిందా?" అని పెదాలు కదిపాడు.

తలూపాను. అంత తక్కువ మోతలో ఆయన వాయించేది ఆయనకి రవ్వంత కూడా వినిపించదని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. నాబ్ వదిలేసి, అక్క చేతుల వంక చూస్తూ, తాళం తప్పకుండా వాయించుకుంటూ పోయాడు.