ఇరవై ఆంపుల గొడవ

అత్తగారు కేకుల షాపు తెరిచిన కొద్ది రోజులకే, మిట్టమధ్యాహ్నం కరెంటు పోవడం అక్కడ రివాజైపోయింది. పోయేది వీధిలో కాదు. వీధంతా నిక్షేపంగా ఉండేది. వెనకగదిలో ఓవెన్ కూడా తన పాటికి తాను కేకులు కాలుస్తూనే ఉండేది. ముందుగది ఒక్కటే టప్పుమని చీకటైపోయేది. బన్నులు వెచ్చగా ఉంచే గాజు బీరువా, నీళ్ల బాయిలరు, లైట్లు అన్నీ ఒకేసారి కళ్లు మూసేవి.

"ఎవరూ కదలకండి! చేతిలో క్రీము కేకున్నవాళ్లు అసలు కదలకండి!" అని అత్తగారు అరిచేవారు.

ఆ షాపుకి వైరింగ్ చేసింది మామగారు. జీవితమంతా ఇళ్లకు వైర్లు లాగిన మనిషి. పేరున్న పనివాడు. అందరూ పెద్దమేస్త్రి అని పిలిచేవారు. ఆయన పనికి వంక పెట్టినవాళ్లు లేరు, పెట్టి నిలబడినవాళ్లు అసలే లేరు. అలాంటిది, సొంత భార్య షాపులో, రోజూ పదిమంది చూస్తుండగా తను పెట్టిన బ్రేకర్ పడి కరెంటు ఆగిపోతుంటే ఆయన ప్రాణం చివుక్కుమంది.

మొదట, "బ్రేకరే నాసిరకం," అన్నారు. మళ్లీ ఇరవై ఆంపులదే కొత్తది తెచ్చి బిగించారు. అదీ పడింది.

"టోస్టర్ నాసిరకం," అన్నారు. దాన్నీ మార్చారు. అయినా పడింది.

"ఇక మిగిలింది నేనే. నన్ను కూడా మారుస్తారా?" అని అడిగారు అత్తగారు.

కోడలికి సంగతి మొదటిరోజే అర్థమైంది. ఆమెదీ అదే పని. పెళ్లయిన కొత్తలో, పాడైన మిక్సీ విప్పుకుని కూర్చున్న కోడల్ని చూసి, "స్క్రూడ్రైవర్ అలా కాదమ్మా పట్టుకోవడం," అంటూ పక్కన చతికిలబడి నేర్పించింది ఈ మామగారే. ఆ తర్వాత ఆమె పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంది. ఇప్పుడు షాపులకీ ఆఫీసులకీ వైరింగ్ చేస్తోంది. ఆయన ముందు నిలబడి మీ లెక్క తప్పండీ అనడానికి మాత్రం నోరు పెగలడం లేదు.

ఆ మాటేదో ఆయనకి చెప్పిపెట్టమని మొగుణ్ణి బతిమాలింది. అతను బస్సు డ్రైవరు. ఇరుకు సందుల్లోంచి ఎవరికీ రాసుకోకుండా పోవడంలో సిద్ధహస్తుడు.

"నన్ను లాగకు. మా నాన్న అలిగితే మాటలుండవు. మా అమ్మ అలిగితే అన్నముండదు. మీరూ మీరూ చూసుకోండి," అని డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఆలోచించి ఆలోచించి ఆమె ఒక ఎత్తు వేసింది. పొద్దున్నే మామగారికి కాఫీ ఇస్తూ, అమాయకంగా మొహం పెట్టి అంది:

"మామయ్యా, ఒక మందుల షాపు పనొచ్చింది. తలుపు తీసిన దగ్గర్నించి మూసేదాకా ఆగకుండా నడిచేవి పదహారు ఆంపులు. అప్పుడప్పుడు వాడేవి నాలుగు. ఎంత బ్రేకర్ పెట్టమంటారు?"

"ఇరవై," అన్నారాయన తడుముకోకుండా. అని, కాఫీ గుటకేయబోయి ఆగారు. "ఎక్కడా మందుల షాపు?"

"అదే... మలుపు దగ్గర."

"ఆ మందుల షాపులో టోస్టర్ కూడా ఉందా?"

ఆమె తల దించుకుంది. ఆయన కప్పు కింద పెట్టి, చెప్పులేసుకుని బయటికి నడిచారు. కోడలు పనిసంచీ భుజాన వేసుకుని వెనకే పరుగెత్తింది.

షాపులో ఆయన బ్రేకర్ల పెట్టె మూత తీసి, బ్రేకర్ మీద వేలు ఆనించి వేడి చూస్తూ నిలబడి ఉన్నారు. అప్పటికే అత్తగారు అన్నీ ఆన్ చేశారు. కోడలు కాసేపు గుమ్మంలోనే తచ్చాడింది.

"రా. నాటకాలు తర్వాత. దీని సంగతేంటో చెప్పు," అన్నారు వెనక్కి తిరక్కుండానే.

ఆ గొంతులో కోపం లేదు. హమ్మయ్య అనుకుని ఆమె దగ్గరికి వెళ్లింది.

"ఇళ్లలో గీజరైనా, ఇస్త్రీపెట్టెయినా కాసేపు నడిచి ఆగుతాయి కదా మామయ్యా. బ్రేకర్ చల్లబడుతుంది. ఇక్కడ బీరువా, బాయిలరు, లైట్లు పగలంతా ఆగవు. మూడు గంటలు, ఆపైన ఏకబిగిన నడిచేదానికి పావువంతు కలిపి లెక్కేయాలి. లేకపోతే బ్రేకర్ ఆ వేడికే పడిపోతుంది. పదహారుకి నాలుగు కలిపితే ఇరవై. టోస్టరూ జ్యూసు మిక్సీ ఆగి ఆగి నడుస్తాయి, వాటికి కలపక్కర్లేదు. వాటి నాలుగూ నాలుగే. మొత్తం ఇరవై నాలుగు."

"ఇరవై నాలుగు బ్రేకర్ ఎవడమ్ముతాడు?"

"అందుకే పైది, ఇరవై ఐదు."

ఆయన గడ్డం గోక్కున్నారు. "ఎప్పుడూ ఇళ్లే చేశాను. షాపు చేయడం ఇదే మొదలు," అన్నారు, తనలో తాను అన్నట్టు.

ఆమెకి ఏనుగెక్కినంత సంబరమైంది. సంచీలోంచి ఇరవై ఐదు ఆంపుల బ్రేకర్ తీసి, మెయిన్ ఆపేసి, స్క్రూడ్రైవర్ పెట్టబోయింది. ఆయన టక్కున చెయ్యి పట్టుకున్నారు.

"ఆగమ్మా. లోపల వైరెంత?"

"నాలుగు సైజు కదా?"

"రెండున్నరే, అంతకంటే సన్నది. గోడలు పగలగొట్టొద్దని మీ అత్తయ్య పట్టుబడితే, ఇరుకు పైపులో అదే లాగాను. దాని మీద ఇరవై దాటకూడదు. ఇప్పుడు ఇరవై ఐదు పెడితే బ్రేకర్ హాయిగా కూర్చుంటుంది, వైరు కాలుతుంది."

ఆమె లెక్కంతా చేసింది, వైరు మాత్రం అడగలేదు. నాలుక్కరుచుకుని బ్రేకర్ని మెల్లగా సంచీలో పెట్టేసింది.

బన్నుల కోసం వచ్చిన పక్క చెప్పుల షాపాయన ఇదంతా వింటున్నాడు. "దీనికింత చర్చెందుకండీ? నాదీ ఇలాగే పడుతుంటే ముప్పై రెండు పెట్టించేశా. ఆ తర్వాత ఒక్కసారి పడితే ఒట్టు!" అన్నాడు ఛాతీ విరిచి.

మామా కోడలూ ఒక్కసారే అతనివైపు తిరిగారు. "ఏ వైరు మీద?" అన్నారు ఒకే గొంతుతో.

అతను నీళ్లు నమిలాడు. "వైరా... ఉన్నదే..."

"వెళ్లి ముందు మెయిన్ ఆపండి. మేం వచ్చి చూస్తాం," అన్నారు పెద్దమేస్త్రి. అతను బన్నులు మర్చిపోయి పరుగెత్తాడు.

ఆ పూటకి అత్తగారు షాపు మూయక తప్పలేదు. గోడ కొడతామంటే ఆవిడ కళ్లెర్రజేశారు గానీ, గోడ కావాలా షాపు కావాలా అని మామగారు అడిగేసరికి, దుమ్ము పడకుండా కేకుల మీద గుడ్డలు కప్పడం మొదలుపెట్టారు. వెడల్పు పైపు బిగించారు. మామగారు ఇటునుంచి నాలుగు సైజు వైరు తోస్తుంటే, కోడలు నిచ్చెన మీంచి లాగింది. "లాగు", "వదులు", "అంత మొరటుగా కాదు" అని ఆయన అంటూనే ఉన్నారు, ఆమె సరే సరే అంటూనే ఉంది. చివర్న ఇరవై ఐదు బ్రేకర్ బిగించే వేళకి ఆయన పక్కకి జరిగి, "నువ్వే పెట్టు," అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం షాపు కిటకిటలాడింది. బాయిలరు మరుగుతోంది, టోస్టర్ బ్రెడ్డు కాలుస్తోంది, జ్యూసు మిక్సీ గోలపెడుతోంది. మామా కోడలూ గోడకి ఆనుకుని, ఊపిరి బిగబట్టి లైట్ల వంకే చూస్తున్నారు. జనం పలచబడేదాకా ఒక్క లైటూ రెప్ప వేయలేదు.

"ఇద్దరూ అలా దిష్టిబొమ్మల్లా నిలబడకపోతే బల్లలు తుడవచ్చుగా!" అన్నారు అత్తగారు.

"మాకు పనుంది," అన్నారు మామగారు హుందాగా. "పక్కన చెప్పుల షాపాయన నిన్నట్నించీ కొవ్వొత్తి వెలుగులో చెప్పులమ్ముతున్నాడు. పదమ్మా."

కోడలు నిచ్చెన ఎత్తుకుంది. ఆమె వద్దంటున్నా వినకుండా ఆయన రెండో చివర పట్టుకున్నారు.