కిమ్చీ కొట్టు మల్సూన్, కత్తుల వ్యాపారం

గున్సాన్ చేపల బజారులో కిమ్చీ పచ్చడి అమ్ముకునే మల్సూన్‌కి పన్నుల ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. ఆన్‌లైన్ ఆటలోని కత్తుల్ని నిజం డబ్బుకి అమ్మి సంపాదించిందట, వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలట. అరవై నాలుగేళ్ల మనిషి! బేరాల్లేని మధ్యాహ్నాల్లో కొట్టు వెనక కంప్యూటరు ముందు కూర్చుని, ‘ఉక్కుపిడికిలి’ అన్న పేరుతో ఆమె ఒక కోటనే ఏలుతోందని బజారులో ఆడపడుచు చునోక్‌కి తప్ప ఎవరికీ తెలియదు. ఆటలోని యోధులేమో తమ దొర గుబురుమీసాల మగాడనుకుని వంగి వంగి దండాలు పెడుతుంటారు.

చునోక్‌ది పక్కనే ఎండుచేపల కొట్టు. ఊళ్లోవాళ్ల వ్యవహారాలన్నీ ఆమెకే కావాలి.

"ఒసే పిచ్చిమొహమా, ఇంట్లో పాత బీరువా అమ్ముకుంటే పన్నుండదు. బీరువాలు కొనడం, అమ్మడం పనిగా పెట్టుకున్నావో, అది వ్యాపారం. నీ కత్తులకీ అదే లెక్క. ఆ అమ్మకాలు తెచ్చి కిమ్చీ అమ్మకాల్లో కలిపారంటే, చిన్న కొట్లకిచ్చే పన్ను తగ్గింపు హుళక్కి."

ఆ తగ్గింపు ఉండబట్టే మల్సూన్ కొట్టు నడుస్తోంది. అది పోతే ఆమెకు మిగిలేవి ముల్లంగి తొక్కులే.

"ఏం చెయ్యమంటావు వదినా?"

"కంప్యూటరు మొహమే చూళ్లేదను. ఎవడో నీ పేరు వాడుకున్నాడను. కాస్త ఏడు."

పన్నుల ఆఫీసులో ఆమెను కూర్చోబెట్టిన అధికారి ప్యో గివుంగ్ మంచివాడు. ముసలివాళ్లందరికీ చెవుడనుకునే రకం మంచివాడు.

"మామ్మగారూ! ఈ ఆట! మీరే ఆడారా?"

"ఆటేంటి బాబూ, నాకేం తెల్సు," అని మల్సూన్ కళ్లొత్తుకుంది. పొద్దున్నుంచీ ఉల్లిపాయలు తరిగిన చేతులేమో, నీళ్లు బాగానే వచ్చాయి.

"నేననుకున్నాను. ఎవడో మీ పేరు వాడుకున్నాడు. అలాగే రాసేస్తాను, మీ కొట్టు జోలికి ఎవరూ రారు." అంతటితో ఊరుకుంటే బాగుండేది. కానీ ఆమెను ఓదార్చాలనుకున్నాడు పాపం. "నేనూ అదే ఆట ఆడతానులెండి. వీడెవడో ఆట రానివాడు మామ్మగారూ. కోట ముట్టడి దగ్గరకొస్తే కత్తుల ధర ఎక్కుతుందా, వారం ముందే తెగనమ్ముకున్నాడు. ఒట్టి దద్దమ్మ!"

మల్సూన్ పళ్లు బిగబట్టింది. కొట్టును తలచుకుంది, తగ్గింపును తలచుకుంది. లాభం లేకపోయింది.

"ఎవడ్రా దద్దమ్మ?" అని లేచి నిలబడింది. "ధర ఎక్కిందా? ముట్టడే జరక్క సగానికి పడింది! ఎందుకు జరగలేదనుకున్నావ్? దండెత్తే వాళ్ల నాయకుణ్ణి మంచి చేసుకుని వెనక్కి పంపింది నేను! చవగ్గా ఉన్నప్పుడు కొంటాను, సానబెడతాను, అదను చూసి అమ్ముతాను. ఆరేళ్లుగా ఇదే పని!"

గివుంగ్ కూడా తనకు తెలియకుండానే లేచి నిలబడ్డాడు.

"మీరు... ఉక్కుపిడికిలి దొరగారా?" అన్నాడు. తర్వాత దిగులుగా, "వ్యాపారమంటే సరిగ్గా అదే మామ్మగారూ, మీరిప్పుడు చెప్పిందే," అన్నాడు.

మల్సూన్‌కి భయమేసింది. అయినా ‘వ్యాపారం’ అన్న ఆ మాట మరోసారి అంటే వినాలనిపించింది. కత్తుల వ్యాపారాన్ని తన పేర నమోదు చేసుకుంటూ, సంతకం ఎప్పటికన్నా పెద్దదిగా పెట్టింది.

బజారుకు రాగానే చునోక్ ఎదురొచ్చింది. "ఏడ్చావా?"

"ఏడ్చాను. తర్వాత సంతకం పెట్టాను."

"తగ్గింపో?"

"పోయింది."

"కాసేపు నోరు కట్టుకోలేకపోయావుటే!"

"కట్టుకునే కూర్చున్నాను వదినా. ఆట రాదన్నాడు."

చునోక్ నెత్తి కొట్టుకుని, రాత్రి కూరకని ఎప్పట్లాగే కిమ్చీ డబ్బా ఒకటి తీసుకుంది. మల్సూన్ ఐదొందల వోన్లు ఎక్కువ అడిగింది.

"సొంత వదిన దగ్గర కూడానా!"

"మరి నా పన్నెవరు కడతారు?"