డ్రమ్ము పొయ్యి

ఆ ఏడు సుల్తాన్‌పూర్‌లో చలి ముందే దిగింది. తెల్లవారితే కందిచేలు కనబడవు, అంతా మంచే. బిందెలో చెయ్యి పెడితే నీళ్లు వేళ్లను కొరికేవి. ఊరంతా బొంతలు కప్పుకుని అరుగులమీద ముడుచుకుని కూర్చుంటే, కొమురయ్య ఒక్కడే ఇంట్లో బనీనుమీద తిరిగేవాడు. ఆయన ఇంట్లో డ్రమ్ము పొయ్యి ఉంది.

అది రోడ్డు వేసినవాళ్లు పారేసి పోయిన తారు డ్రమ్ము. దాన్ని చేలో పెట్టి మూడు రోజులు కాల్చి, తారు చుక్క లేకుండా పోగొట్టాడు. సగానికి కోయించి, లోపల బెత్తెడు మందాన మట్టి మెత్తాడు. ముందు ఇనుపరేకు తలుపు, దాని కింద గాలికి ఒక సందు. వెనక నుంచి రేకు గొట్టం గోడలోంచి బయటికి పోతుంది. నిప్పు ఇంట్లో, పొగ బయట. పటాన్‌చెరు దగ్గర అట్టల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లుగా బాయిలర్‌కు కట్టెలు వేసే మనిషి ఆయన. అక్కడ పెద్దగా చూసిందే ఇక్కడ చిన్నగా కట్టుకున్నాడు.

ఊళ్లో నవ్వారు. "కొమురయ్య ఇంట్ల కంపెనీ పెట్టిండు, ఇగ సైరన్ ఒక్కటే తక్కువ" అన్నారు. నవ్వేవాళ్లను ఆయన పట్టించుకోలేదు. వాళ్ల ఇళ్లలో గోడలు మసిబారి ఉన్నాయి, ఆడవాళ్లు కళ్లు నలుపుకుంటున్నారు. నవ్వుకోనీ అనుకున్నాడు.

దసరా నుంచి శివరాత్రి దాకా ఆ పొయ్యిలో నిప్పు ఆరదు. డ్యూటీకి పోయేముందు తుమ్మమొద్దు పెట్టి, బూడిద కప్పి, గాలి సందు మూసి పోతాడు. వచ్చి బూడిద తీస్తే కింద ఎర్రగా ఉంటుంది. ఇంకొకరి గడపలో నిలబడి నిప్పు అడగకూడదని కట్టిన పొయ్యి అది.

ఒకసారి అడిగాడు. ఎనిమిదేళ్ల కింద. కార్తీకం వెళ్లిన వారానికి ముసురు పట్టి నాలుగు రోజులు వదల్లేదు. భార్య దేవమ్మకు చలిజ్వరం. అగ్గిపుల్లలు మెత్తబడి గీస్తే మందు రాలిపోయింది. పిడకలు తడిశాయి. దుకాణం మూసి ఉంది. దేవమ్మ పళ్లు టకటకా కొట్టుకుంటుంటే, కొమురయ్య మట్టిచిప్ప పట్టుకుని పక్కింటికి, తన అన్న మల్లయ్య ఇంటికి పోయాడు. వాళ్ల పొయ్యిలో నిప్పు కణకణలాడుతోంది. వదిన రాజవ్వ గడపలో అడ్డంగా నిలబడింది.

"దీపాలు పెట్టినంక నిప్పియ్యరు కొమురా. ఇంటి లచ్చిమి వోతది. పొద్దుగాల రా, ఇస్త."

ఊరంతా పాటించేదే. ఇంకో రోజైతే కొమురయ్యా అదే మాట అనేవాడు. ఆ రోజు ఖాళీ చిప్పతో తిరిగి వచ్చాడు. మూడోనాడు సంగారెడ్డి ఆసుపత్రిలో దేవమ్మ పోయింది. జబ్బు అప్పటికే ముదిరిందని, ఒక్కపూట వెచ్చదనం దాన్ని ఆపేది కాదని డాక్టరు చెప్పాడు. డాక్టరు చదువుకున్నవాడు, చెబుతాడు. కొమురయ్యకు మాత్రం కళ్లు మూస్తే ఆ గడప, దాని వెనక ఆ నిప్పు కనబడతాయి. ఆనాటి నుంచి రాజవ్వతో మాట లేదు. రెండిళ్ల నడుమ ఉన్నది నడుమెత్తు మట్టిగోడ. ఎనిమిదేళ్లలో ఆ గోడమీదుగా ఆమెకు ఒక్క మాట పోలేదు.

ఇప్పుడు ఆ ఇంట్లో పసిపిల్ల ఉంది. మల్లయ్య బిడ్డ కౌసల్య తొలికాన్పుకు వచ్చి, నెల ముందే కన్నది. పిల్ల రెండు కిలోలు కూడా లేదు. వెచ్చగా ఉంచమని ఆసుపత్రిలో చెప్పి పంపారు. పుట్టి వారం. దేవమ్మకు పిల్లలు లేరు. చిన్నప్పుడు కౌసల్య సగం అన్నం ఈ ఇంట్లోనే తిన్నది, దేవమ్మ వేసిన జడలతోనే బడికి పోయింది. తల్లితో మాట లేకపోయినా, కౌసల్య "సిన్నాయినా" అంటే కొమురయ్య పలికేవాడు.

ఆ రోజు తెల్లవారుజామున వేపపుల్ల నోట్లో పెట్టుకుని బయటికి వచ్చినవాడికి గొంతులో ఏదో గుచ్చుకున్నట్టయింది. అన్న ఇంటి పెంకుల సందుల్లోంచి పొగ వస్తోంది. పైకి లేవడం లేదు. పసుపుపచ్చగా, కప్పుమీదే పాకుతోంది. పుల్లటి వాసన.

ఆ వాసన ఆయన ఎరుగును. ఒకసారి బాయిలర్‌కు వచ్చిన కట్టెల లారీలో రంగుల కంపెనీ పెట్టెల చెక్కలు కలిసి వచ్చాయి. మంట ఆకుపచ్చగా లేచింది. ఇద్దరు వాంతి చేసుకున్నారు, కొమురయ్య వారం దగ్గాడు. మిగిలిన చెక్కలను సూపర్‌వైజర్ దగ్గరుండి గుంటలో పూడ్పించాడు. మల్లయ్య ఒక రంగుల కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్. విరిగిన పెట్టెలు ఎక్కడివో వేరే చెప్పనక్కరలేదు. అవి కాలుతున్నది బాలింత గదిలో, మంచం కింది కుంపటిలో. ఆ గదికి ఉన్న ఒక్క కిటికీలో, గాలి సోకకుండా, గోనెసంచులు కుక్కి ఉన్నాయి.

రోడ్డుమీద మల్లయ్య కనబడితే కొమురయ్య సైకిల్ ఆపాడు.

"అన్నా, కంపెనీ చెక్కలు ఇంట్ల కాలుస్తున్నవా?"

"కాలుస్తున్న. ఏం, నీకు గావాల్నా? ఇంక నాలుగు కట్టలున్నయి."

"ఆ చెక్కల మీద రంగుల మందు వడ్డది. ఆ పొగ మంచిది గాదు. పసిగుడ్డు ఉన్నది ఇంట్ల."

మల్లయ్య బీడీ నోట్లో ఉంచుకునే నవ్వాడు. "నీ పొయ్యి ఒక్కటే పొయ్యి, నీ కట్టె ఒక్కటే కట్టె! పైసల్లేకుంట పుక్యానికొచ్చిన చెక్క రా, అగ్గి జూపిస్తే చాలు భగ్గుమంటది. నీకెందుకు కడుపుల మంట?"

"వదినెకు జెప్పు."

"నువ్వే జెప్పరాదు? నోరున్నది గద."

నోరు ఉంది. కొమురయ్య సైకిలెక్కి వెళ్లిపోయాడు.

రోజంతా బాయిలర్ ముందు నిలబడ్డా ఆయన ఒంటికి వేడి పట్టలేదు. కట్టె వేస్తున్నాడు, మంట రంగు చూస్తున్నాడు, మళ్లీ వేస్తున్నాడు. రెండో షిఫ్టుకు వచ్చిన బిహారీ మనిషి "భయ్యా, తబియత్ ఠీక్ నహీఁ క్యా?" అని ఒంట్లో ఎలా ఉందో అడిగితే "కామ్ దేఖ్", నీ పని చూసుకో అన్నాడు.

ఇల్లు చేరేసరికి దీపాలవేళ అయింది. కరెంటు లేదు, ఊరంతా కందిళ్లు. వాసన పొద్దుటికంటే చిక్కగా ఉంది. రోజూ ఈ వేళకు పిల్ల ఏడుపు గోడ దాటి వచ్చేది. ఇవాళ ఏడుపు లేదు. పిల్లికూన తుమ్మినట్టు సన్నటి దగ్గు మాత్రం వినబడింది. ఆగింది. మళ్లీ వినబడింది.

గోడ దగ్గర నిలబడి నోరు తెరిచాడు. రాజవ్వను పిలవాలి. పిలవలేకపోయాడు. ఎనిమిదేళ్లుగా బిగించిన మూత అది, తీద్దామంటే రాలేదు. వెనక్కి తిరిగి, నీళ్ల బకెట్ అందుకుని, గోడ విరిగినచోట దాటాడు.

గదిలో కందిలి చుట్టూ పొగ. మంచంమీద కౌసల్య తలకు గుడ్డ కట్టుకుని కూర్చుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. పిల్ల నోరు రొమ్ము దగ్గరే ఉంది గాని కదలడం లేదు. రాజవ్వ వంగి కుంపటిలో ఇంకో చెక్క పెడుతోంది. మంట అంచున ఆకుపచ్చ.

కొమురయ్య బకెట్ కుమ్మరించాడు. బుస్సున ఆవిరి లేచింది, బూడిద గోడలదాకా చింది. ఒక్క అంగలో కిటికీ దగ్గరికి పోయి గోనెసంచులు పీకి బయట పడేశాడు.

రాజవ్వ అరిచిన అరుపు ఊరంతా వినబడింది.

"నీ చేతులిరుగ! బాలింతింట్ల నిప్పు ఆర్పుతవురా? ఎనిమిదేండ్ల పగ ఏడు దినాల పిల్ల మీద దీర్సుకుంటవా? ఓ మల్లవ్వా, ఓ సోమమ్మా, రాండ్రి, సూడుండ్రి!"

ఆయన ఆమెవైపు చూడలేదు. "కౌసల్యా, పిల్ల పాలు తాగిందా?"

"లే సిన్నాయినా. పొద్దటి సంది తాగుతలేదు. దగ్గుతనే ఉన్నది. నాకు గూడ తల పలుగుతున్నది."

"ఆ చెక్కలకు మందున్నది. పొగంత పిల్ల కడుపులకు వోతున్నది. పొద్దున మీ నాయినకు జెప్పిన."

రాజవ్వ తిట్టు సగంలో ఆగింది. గుమ్మంలో నిలబడ్డ మొగుడివైపు తిరిగింది. "జెప్పిండా?"

మల్లయ్య తల గోక్కున్నాడు. "ఏందో జెప్పిండు. కడుపుమంటతోటి అంటున్నడు అనుకున్న."

"నీ తెలివి తెల్లార! నాకు జెప్పేందుకేమొచ్చింది?"

కిటికీలోంచి చలి దిగుతోంది. పొగ పోతోంది, ఉన్న వేడీ పోతోంది. రాజవ్వ పిల్ల పాదాలు పట్టుకుని చూసింది. మంచులా ఉన్నాయి. ఇంట్లో ఆ చెక్కలు తప్ప ఎండుకట్టె లేదు. ఆమె గొంతు తగ్గింది.

"కొమురా... నీ పొయ్యిల నిప్పున్నది గద. జెరన్ని కణికెలియ్యి." చేతిలో ఖాళీ కుంపటి.

కొమురయ్య కౌసల్యనే చూస్తూ అన్నాడు, "దీపాలు పెట్టినంక నిప్పియ్యరు. మీ అమ్మకు దెల్వదా?"

మల్లయ్య నేలచూపులు చూశాడు.

"నిప్పు ఇక్కడికి రాదు. తెచ్చినా మూసిన గదిల కుంపటి పెట్టొద్దు. పిల్లనెత్తుకొని నా ఇంటికి రా."

"పురుడన్న కాలే!" రాజవ్వ మంచానికి అడ్డం వచ్చింది. "దీపాలేళ బాలింత గడప దాటుతదా? గాలి సోకితే? మంది ఏమంటరు?"

కౌసల్య బొంత కప్పుకుని లేచింది. పిల్లను గుడ్డల్లో చుట్టి గుండెకు అదుముకుంది. "అమ్మా, జెర జరుగు."

రాజవ్వ జరిగింది. చూరులోంచి కొడవలి లాగి కౌసల్య చేతిలో పెట్టింది. "ఇనుమన్న వట్టుకొని పో."

ఇరవై అడుగులు. కొమురయ్య తన దుప్పటి విప్పి గాలి వచ్చే వైపు అడ్డం పట్టుకుని నడిచాడు.

ఇంట్లోకి వచ్చాక బూడిద తీశాడు. కింద నిప్పు ఎర్రగా ఉంది. సన్నటి తుమ్మ చీలికలు వేసి, సందు తెరిచి, రేకు తలుపు మూశాడు. మంట గొట్టంలో హోరుమంది. గదిలో చుక్క పొగ లేదు. దేవమ్మ నులకమంచాన్ని పొయ్యికి మూడు మూరల దూరంలో వేశాడు. "ఇంక దగ్గరికి రాకు. వేడి మెల్లగ ఎక్కాలె."

కౌసల్య పిల్ల పాదాలు అరచేతుల్లో పెట్టుకుని కూర్చుంది. పిల్ల దగ్గింది. ఊరుకుంది. మళ్లీ దగ్గింది. కొమురయ్య పొయ్యివైపు తిరిగి కూర్చున్నాడు, చెవులు మాత్రం మంచం దగ్గరే ఉన్నాయి. మొద్దు ఒకటి కాలి విరిగింది. ఇంకొకటి వేశాడు. అది సగం అయ్యేసరికి పిల్ల గట్టిగా, కోపంగా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, వెతుక్కుని, రొమ్ము పట్టింది. గుటక వినబడింది. ఇంకో గుటక.

కౌసల్య ముక్కు చీదుకుంది.

అప్పుడు కాళ్లకు చలి కొట్టింది. దగ్గరకు వేసిన తలుపు ఓరగా తెరుచుకుని ఉంది. గడప అవతల రాజవ్వ, కొంగు తలమీదుగా లాక్కుని, చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడింది. ఎంతసేపటి నుంచి నిలబడిందో. పిలిస్తే తప్ప రాదని ఆయనకు తెలుసు. తాను పిలవడనీ తెలుసు. ఆనాడు ఆమె లోపల, తాను బయట. ఎనిమిదేళ్లు ఆయన మనసులో అడిగింది ఇదే, ఆమె బయట నిలబడాలని. నిలబడింది. నిలబడితే ఏమొచ్చింది? చలిగాలి వస్తోంది.

పిల్ల తుమ్మింది.

"తలుపేసుడున్నదా లేదా? వేడంత వోతున్నది" అన్నాడు, పొయ్యిని చూస్తూ.

ఎనిమిదేళ్ల తర్వాత ఆయన ఆమెతో అన్న మొదటి మాట. రాజవ్వ తలుపుమీద చెయ్యి వేసి అడిగింది.

"ఏ దిక్కు నుంచి ఎయ్యాలె?"

కొమురయ్య కట్టెముక్క ఒకటి తీసుకుని బెరడు వొలిచాడు. పొయ్యిలో పెట్టాడు. రేకు తలుపు మూశాడు.

"పిల్ల ఉన్న దిక్కు నుంచి."

ఆమె లోపలికి వచ్చి తలుపు వేసింది. మంచం పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. కూర్చోమని ఆయన అనలేదు. దేవమ్మ పేరు ఆమె ఎత్తలేదు. ఎత్తితే ఏమనేవాడో ఆయనకే తెలియదు, ఊరుకునేవాడు మాత్రం కాదు. తెల్లవారేదాకా ఎన్ని మొద్దులు పడతాయో మనసులో చూసుకుని, లేచి, గోడవార పేర్చిన తుమ్మకట్టెల్లోంచి ఎండినవి ఏరి పొయ్యి పక్కకు తెచ్చుకోసాగాడు.