హాజరు పట్టీలో నిరంజన్

ప్రసన్నలక్ష్మికి మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే: ఆయనకి ముందుచూపు ఎక్కువ. తాగుడు లాంటిదైతే నలుగురికీ చెప్పుకుని ఏడవచ్చు. పుష్కరాలు ఇంకా అయిదేళ్ళుండగానే ఏ చుట్టం ఏ గదిలో పడుకోవాలో కాగితం మీద రాసి బీరువాలో పెట్టిన మనిషి గురించి ఎవరికి చెప్పుకుంటుంది? చెబితే, "అదృష్టవంతురాలివమ్మా" అంటారు.

కొడుకు నిరంజన్ విషయంలోనూ అంతే చేశాడు నాగేశ్వరప్రసాద్. వాడు రాజమండ్రి కాన్వెంటులో మూడో తరగతిలో చేరిన వారానికే, ఆలమూరు అవతల కాలవగట్టు మీదున్న ఓ పల్లెలోని సర్కారు బడిలోనూ మూడో తరగతిలో చేరిపోయాడు. మనిషి ఇక్కడ, పేరు అక్కడ. నవోదయ ఆరో తరగతిలో నూటికి డెబ్బై అయిదు సీట్లు పల్లెబళ్ళలో మూడు, నాలుగు, అయిదు చదివిన పిల్లలకి కేటాయిస్తారని ఆయన ఎక్కడో తెలుసుకున్నాడు. ఆ బడి హెడ్మాస్టరు చంద్రరావు చిన్నప్పటి స్నేహితుడు. తన స్టీలు సామాన్ల కొట్టు నుంచి పిల్లలకి గ్లాసులూ, మంచినీళ్ళ డ్రమ్మూ పంపించి, ఆ స్నేహితుణ్ణి ఒప్పించాడు. మొహమాటస్తుడైన ఆ మాస్టారు రెండున్నరేళ్ళుగా హాజరు వేస్తూనే ఉన్నాడు.

"మిగిలిన పాతిక సీట్లకి పట్నం పిల్లలు రాయొచ్చు కదండీ. మనవాడూ అందులోనే రాస్తే ఏం?" అని అప్పట్లో అడిగింది ప్రసన్నలక్ష్మి.

"ఆ పాతిక్కీ పట్నమంతా ఎగబడుతుందే."

"మరి ఆ డెబ్బై అయిదూ ఎవరి కోసం పెట్టారంటారు?"

"ముందుగా చూసుకున్నవాళ్ళ కోసం."

నిజం చెప్పాలంటే, ఆవిడా అంతకు మించి అడ్డుపడలేదు. బి.ఏ. చదివిన బుర్రకి తప్పని తెలుస్తూనే ఉంది. తల్లి మనసు మాత్రం అప్పటికే కొడుక్కి నవోదయ యూనిఫాం తొడిగి చూసుకుంటోంది.

దసరా సెలవులయ్యాక చంద్రరావు కబురు పంపాడు. దరఖాస్తు మీద సంతకం పెట్టాలట. ఎవరైనా ఆరా తీస్తే తడబడకుండా, కుర్రాడికి ఓసారి బడి చూపించి తీసుకెళ్ళమన్నాడు. శనివారం పొద్దున్నే ముగ్గురూ బస్సెక్కారు. దారి పొడుగునా తండ్రి పాఠం చెబుతూనే ఉన్నాడు.

"మీ సార్ పేరేంట్రా?"

"చంద్రరావు గారు."

"బడికి ఎలా వెళ్తావు?"

"ఆటోలో."

"నడిచి! నడిచి వెళ్తావు!"

"ఎక్కడినుంచి నడవాలి నాన్నా?"

నాగేశ్వరప్రసాద్ కిటికీలోంచి బయటికి చూశాడు. ప్రసన్నలక్ష్మి కొంగుతో నోరు కప్పుకుంది.

బడంటే రెండు గదులు, ఓ వరండా. అయిదో తరగతి వరండాలో కూర్చుంది. చంద్రరావు వీళ్ళకి కుర్చీలు వేయించి, హాజరు పట్టీ తెరిచి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు.

"నిరంజన్."

వాడు నోరు తెరిచేలోపే రెండో వరసలోంచి ఓ పిల్ల, "ఆయ్, వచ్చాడండి!" అనేసింది. అని, నాలిక కరుచుకుంది. ఆ తర్వాత తరగతి తరగతంతా వెనక్కి తిరిగి నిరంజన్ వంక నోరు తెరుచుకుని చూసింది.

"నువ్వేనా నిరంజన్ అంటే? పొడుగ్గా ఉంటావనుకున్నాం," అంది ఆ పిల్ల.

పేరు రామతులసి. వాళ్ళ నాన్న కొబ్బరికాయలు దింపుతాడు. పట్టీలో నిరంజన్ పేరు తర్వాత పేరు ఆమెదే. రోజూ సార్ ఆ పేరు పిలిచి, జవాబు లేక తల దించుకుని ఊరుకునేవారట. పాపం, ఎవరో ఒకరు పలకాలి కదా అని మూడో తరగతి నుంచీ ఆ పిల్లే పలుకుతోంది. పలకడంతో ఆగలేదు. ఆ పిల్ల పక్కన గోడవారగా వాడికి పిల్లలంతా చోటు వదిలిపెట్టారు. అక్కడ ఎవరూ కూర్చోరు. ఖోఖోలో ఒకరు తక్కువైతే వాణ్ణే లెక్కేసుకుంటారు.

"సుద్దముక్క పోయినప్పుడల్లా నువ్వే తీశావని చెప్పేవాళ్ళం. ఏమనుకోకేం," అంది.

"పర్లేదు," అన్నాడు నిరంజన్ పెద్దమనిషిలా. వెళ్ళి ఆ ఖాళీ చోట్లో కూర్చున్నాడు. రామతులసి పరికిణీ అంచు కప్పి జామకాయ కాకెంగిలి చేసి, సగం వాడి చేతిలో పెట్టింది. మామూలుగా ఇంట్లో పళ్ళు కోసి ఫోర్కుతో ఇస్తే తప్ప ముట్టని వెధవ, గింజలతో సహా నమిలేశాడు.

"నువ్వూ నవోదయ పరీక్ష రాస్తున్నావా అమ్మా?" అని అడిగింది ప్రసన్నలక్ష్మి.

"ఆయ్. మా బళ్ళోంచి నేనూ, నిరంజనూనండి."

ఆ పిల్ల చేతిలో ఉన్న గైడుకి అట్ట లేదు, చివరి పాతిక పేజీలూ లేవు. జవాబులు ఆ పేజీల్లోనే ఉండేవి కాబట్టి లెక్కలన్నీ మార్జిన్లో తనే చేసుకుంది. ఒకటి రెండు చోట్ల కొట్టేసి మళ్ళీ చేసింది. నిరంజన్‌కి ఇంట్లో మూడు గైడ్లున్నాయి. సాయంత్రం ఇంటికొచ్చే ట్యూషన్ మాస్టారున్నాడు. ఆ గైడుని ప్రసన్నలక్ష్మి మొగుడి ఒళ్ళో పెట్టింది.

"ఈ మండలానికి ఎన్ని సీట్లొస్తాయండీ?" అంది మెల్లిగా.

"మహా అయితే రెండో మూడో. పరీక్ష అందరికీ ఒకటేగా ప్రసన్నా! తెలివున్నవాడికి వస్తుంది," అన్నాడు నాగేశ్వరప్రసాద్. కానీ గైడు పేజీలు తిప్పుతూనే ఉన్నాడు.

చంద్రరావు దరఖాస్తు తీసి బల్ల మీద పరిచాడు. "పై విద్యార్థి మూడవ తరగతి నుండి ఈ పాఠశాలలోనే చదువుచున్నాడని ధ్రువీకరించడమైనది" అని పైకే చదివాడు. పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు.

"మాటిచ్చాను కాబట్టి పెడతాను ప్రసాదూ. పెట్టమంటావా?"

నాగేశ్వరప్రసాద్ జవాబు చెప్పేలోగా రామతులసి లేచి నిలబడింది. సార్ జంకుతున్నాడని ఆ పిల్లకి అర్థమైంది. ఎందుకో మాత్రం తెలియలేదు.

"పెట్టండి సార్. ఎవరొచ్చి అడిగినా నిరంజన్ రోజూ వచ్చాడనే చెప్తానండి. ఒట్టు."

"అలా చెప్తే నీ సీటు వీడికి పోవచ్చు కదమ్మా," అంది ప్రసన్నలక్ష్మి, ఉండబట్టలేక.

"అదేంటండీ, ఇద్దరం వెళ్తాం కదా!"

నాగేశ్వరప్రసాద్ గైడు మూసి, చేత్తో దాని మొదటి పేజీ మడతలు సాపు చేశాడు. ఏదైనా కొంచెం వంకరగా ఉంటే ఊరుకోలేని మనిషి. లేచి కాలవగట్టు దాకా వెళ్ళాడు. అటు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. ప్రసన్నలక్ష్మి పిలవలేదు. పిలిస్తే, సర్దిచెప్పుకోవడానికి ఆయనకో మాట దొరుకుతుంది.

తిరిగొచ్చి బల్ల మీది దరఖాస్తు తీసుకున్నాడు. నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"సంతకం వద్దు చంద్రం. పట్నం పిల్లల్లో రాస్తాడు. వస్తే వస్తుంది."

చంద్రరావు పెన్ను జేబుకి తగిలించుకుని, బరువు దింపుకున్నట్టు ఊపిరి వదిలాడు.

రామతులసికి మాత్రం ఇదేమీ బాగోలేదు. నిరంజన్ వంక చూసింది. వాడు జామగింజలు వేలితో పక్కకి నెడుతున్నాడు.

"అయితే సోమవారం నుంచి నిరంజన్ రాడాండీ?"

నాగేశ్వరప్రసాద్ ఆ పిల్ల ఎదురుగా గచ్చు మీద గొంతుక్కూర్చున్నాడు. ఇస్త్రీ పంచె నేలకి రాసుకుంటున్నా చూసుకోలేదు.

"రాడమ్మా. అసలెప్పుడూ రాలేదు. రాని వాణ్ణి వచ్చాడని రోజూ నీ చేత చెప్పించాను. నీకు రావాల్సిన దాంట్లోకి దొడ్డిదారిన చెయ్యి పెట్టాను. తప్పు మీ సార్‌ది కాదు, వాడిదీ కాదు, నాది. నేను తప్పు చేశాను తల్లీ."