వెనక్కి చూసే సీటు

“ఈ ఆదివారం మనం పాప సీటు ముందుకి తిప్పేద్దాం” అన్నారు ఆయన.

నేను కారు తలుపు తీసి, నేల మీద మోకాళ్ళు ఆనించి, ఆ సీటు సందుల్లో ఇరుక్కున్న బిస్కెట్ పొడిని పాత టూత్‌బ్రష్‌తో గీకుతున్నాను. ఆయన కాఫీ కప్పుతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. మా ఇంట్లో “మనం” అంటే నేను. మనం దుప్పట్లు ఉతకాలి, మనం పాపకి టీకా వేయించాలి, మనం ఆ కారే పంపు సంగతి చూడాలి. అన్నిటికీ అర్థం ఒకటే. ఆయన చేతులారా చేసిన పనికి మాత్రం నేను అనే మాట వాడతారు. వ్యాకరణం బాగానే వచ్చు ఆయనకి.

“ఎందుకు తిప్పడం?” అన్నాను.

“ఎందుకేమిటి? దారి పొడుగునా ఆ ఏడుపు నేను వినలేను. ముందుకి తిప్పితే మనం కనిపిస్తాం, ఊరుకుంటుంది.”

ఆదివారం మా ఆడపడుచు కొత్త ఇల్లు చూడడానికి వెళ్ళాలి. పొద్దున్నే బయల్దేరితే భోజనం వేళకి చేరే దూరం. ముందుకి తిప్పినా పాపకి కనిపించేది మన వీపులే అందామనుకున్నాను. ఈలోగా అత్తగారు ఆయన వెనకనుంచి తల బయటికి పెట్టారు.

“కప్పలా ముడుచుకుని కూర్చుంటోందమ్మాయ్ పిల్ల. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. వీణ్ణి నేను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఊళ్ళు తిరిగాను. ఈ సీట్లూ లేవు, ఈ శాస్త్రాలూ లేవు. ఏమైంది వీడికి?”

ఏమైందో నేను చెప్పలేదు. పాపకి ఇంకా రెండేళ్ళు నిండలేదు. పిల్లల డాక్టరు స్పష్టంగా చెప్పింది. ఈ వయసులో తల బరువెక్కువ, మెడ లేత. గట్టిగా బ్రేకు పడితే, ముందుకి చూసే పిల్ల తల విసురుగా ముందుకి పోతుంది. వెనక్కి చూసే పిల్లకయితే వీపు మొత్తాన్నీ సీటు కాచుకుంటుంది. తల సీటు అంచుకి దిగువన ఉన్నంతకాలం, పిల్ల బరువు ఆ సీటు మోసేదానికి మించనంతకాలం, తిప్పొద్దంది. కాళ్ళ సంగతేమిటని అడిగాను. “కాళ్ళు మడుచుకోవడం పిల్లలకి కష్టం కాదమ్మా, చూసే పెద్దవాళ్ళకి కష్టం” అని నవ్వింది. ఆ మాట ఇంటికొచ్చి చెప్తే ఆయన టీవీలోంచి తల తిప్పకుండా “డాక్టర్లు అలాగే అంటారు” అన్నారు. చెప్పినావిడ ఏళ్ళ తరబడి చదువుకుని చెప్పింది. ఈయన సోఫాలో కూర్చుని కొట్టేశారు.

పాపని రోజూ క్రెష్‌లో దింపేదీ, తెచ్చుకునేదీ నేనే. నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. క్రెష్ మూసేలోపు చేరాలి కాబట్టి సాయంత్రం అందరికంటే ముందు లేస్తాను. నేను బ్యాగు భుజానికి తగిలించుకుంటుంటే, అద్దాలు పెట్టుకుని చూసుకుంటున్న మనుషుల ముందే, “పిల్ల పుట్టకముందు చాలా బాగా పనిచేసేవారమ్మా మీరు” అంటాడు ఓనరు. మెచ్చుకున్నట్టే ఉంటుంది మాట. ఆ మాట మోసుకుంటూ కారెక్కుతాను. పాపని ఎక్కించాక మరిచిపోతాను. వెనక సీటు తల ఆనించే చోట ఒక గుండ్రటి అద్దం కట్టాను. నా ఎదుట ఉన్న అద్దంలోకి చూస్తే అందులో ఆ అద్దం, అందులో పాప మొహం. రెండు అద్దాలు దాటి వచ్చేసరికి నాణెమంత అయిపోతుంది. ఆ మొహం కోసమే ఎర్ర లైటు పడాలని కోరుకున్న రోజులున్నాయి.

మొదట్లో బాగా ఏడ్చేది మా ఉడత. పాపకి నేను పెట్టుకున్న ముద్దుపేరు అది. పాటలు పాడాను, ఊరుకోలేదు. ఒకరోజు విసుగొచ్చి నాకు కనిపించినవన్నీ దానికి చెప్పడం మొదలుపెట్టాను. “ఉడతా, లారీ వస్తోందే, ఎర్ర లారీ, పెద్దది, ఇదిగో వచ్చేస్తోంది.” లారీ నన్ను దాటుకుని దాని కిటికీలోకి వెళ్ళేది. దానికి కనబడుతూనే చిన్నదైపోయేది. నేను ముందు చెప్పడం, ఆ తర్వాత అది నిజమవడం దానికి గొప్ప ఆటైపోయింది. నేను చెప్పినంతసేపూ ఏడుపు మానేసేది. ఒక సాయంత్రం లారీ మలుపు తిరగ్గానే చెయ్యి ఊపి “పోయింది” అంది. మా ఉడతకి వచ్చిన మొదటి మాట అదే. అమ్మ కాదు, నాన్న కాదు. ఇక చూడాలి దాని సంబరం. కుక్క పోయింది. బడి పోయింది. చెట్టు పోయింది. తెల్లారి లేచి మంచం దిగుతూ “నిద్ర పోయింది” అనేది.

అత్తగారికి ఒళ్ళు మండేది. “ఏం మాటే తల్లీ అది, పొద్దున లేస్తే పోయింది, పోయింది అని! ఎవరు పోయారే?” అని పాపని గదిమి, నావైపు తిరిగేవారు. “వెనక్కి తిప్పి కూర్చోబెడితే ఇంకేం మాటొస్తుంది? ముందుకి తిప్పి చూడు, వచ్చింది, వచ్చింది అంటుంది.” ఆయన పగలబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. బాగానే ఉంది మరి జోకు.

కానీ ఆ మాటతో నాకు వేరే పేచీ ఉంది. ఉడత నా కడుపులో ఉండగా నాన్న ఫోన్ చేసి రెండే మాటలు అన్నాడు. “అమ్మ పోయింది.” ఆ తర్వాత చాలాకాలం ఆ మాట ఎక్కడ విన్నా నాకు ఒళ్ళు బిగుసుకునేది. కరెంటు పోయింది అన్నా, బస్సు పోయింది అన్నా. అలాంటి మాటని నా కూతురు తీసుకుపోయి లారీలకీ కుక్కలకీ పంచిపెట్టింది.

అమ్మా నేనూ కూడా వెనక్కి తిరిగే కూర్చునేవాళ్ళం. నాన్నకి బేకరీలో డ్రైవరు పని. సెలవు రోజుల్లో ఎక్కడికి వెళ్ళాలన్నా రొట్టెలు మోసే ఆ వ్యానే మాకు దిక్కు. ముందు నాన్న, ఆయన పక్కన బాబాయి. వెనక ఖాళీ ట్రేల మధ్య ఒక చెక్క బల్ల, వెనక తలుపుకేసి తిప్పి. దాని మీద అమ్మా నేనూ. తలుపుకి ఒక చిన్న అద్దం కిటికీ. మేం చూసిన లోకమంతా ఆ కిటికీలోంచే, అదీ వ్యాను దాటేశాక. నదిమీద వంతెన వచ్చిందని అందరికీ తెలిసిన తర్వాత మాకు తెలిసేది. వెనక్కి పోయే దారి చూస్తే అమ్మకి కడుపులో తిప్పేది. నిమ్మకాయ వాసన చూసుకుంటూ, మధ్యలో కళ్ళు మూసుకుంటూ, నాకు మాత్రం ఒక్కటి కూడా వదలకుండా చూపించేది. “అదిగో మేకలు, చూశావా, ఆ తెల్లది కుంటుతోంది. అయ్యో, పోయాయి.” వెచ్చటి రొట్టె వాసన, అమ్మ చీర కుచ్చిళ్ళు, వ్యాను ఎగిరినప్పుడల్లా నా పొట్ట చుట్టూ బిగుసుకునే అమ్మ చెయ్యి. అంత సుఖం నాకు మళ్ళీ ఏ వాహనంలోనూ దొరకలేదు. ఆ కాసేపూ అమ్మ వంటింటిది కాదు, నాన్నది కాదు, పూర్తిగా నాది.

ఒకసారి బాబాయి రాలేదు. ముందు సీటు ఖాళీగా ఉంది. అమ్మ ఆ తలుపు దగ్గర ఆగి, “ఇవాళ నేను ఇక్కడ కూర్చోనా?” అంది. నాన్న ఇంజను స్టార్టు చేస్తూ, “ముందు కూర్చుని నువ్వేం చేస్తావ్, దారి చెప్తావా? వెనక ట్రేలు ఎవరు పట్టుకుంటారు?” అన్నాడు. అమ్మ నవ్వేసి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ సీటు దారంతా ఖాళీగానే వచ్చింది. నాన్న టిఫిన్ డబ్బా ఉంది దాని మీద.

ఆదివారం నేను పాపకి నీళ్ళు పోసి, బట్టలు వేసి, దాని పాలు, నీళ్ళు, మారు బట్టలు సర్దుకుని బయటికి వచ్చేసరికి కారు గేటు ముందుంది. అత్తగారు ముందు సీటులో కూర్చుని బెల్టు కూడా పెట్టేసుకున్నారు. వెనక పాప సీటు ముందుకి చూస్తోంది.

“ఏవండీ, ఎవరు తిప్పారు?”

“ఇంకెవరు, నేనే. ఇలా తీసి అలా పెట్టేశాను. నువ్వేమో అదో రాకెట్టన్నట్టు మాట్లాడతావ్.”

చెయ్యి పెట్టి లాగాను. సీటు నాతోపాటు వచ్చింది. బెల్టు, వెనక్కి తిప్పినప్పుడు దూర్చాల్సిన సందులోనే ఉంది. పైన బిగించాల్సిన పట్టీ తోకలా వేలాడుతోంది.

“మీరూ ఒకసారి లాగి చూడండి.”

ఆయన లాగలేదు. “పక్కన నువ్వు కూర్చుంటావుగా, కాస్త పట్టుకో” అన్నారు.

నేను కదలకపోయేసరికి ఆయన గొంతు మారింది. “అసలు నీ బాధ దాని మెడ గురించి కాదు. పాప పెద్దదవడం నీకిష్టం లేదు. ఎప్పటికీ అలా అద్దంలో చూసుకుంటూ కూర్చోవాలి నీకు. మీ అమ్మ బెంగంతా తెచ్చి దాని మీద పెట్టావ్.”

పాపని ఇంకో చంకకి మార్చుకున్నాను. ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. పక్కలో పడుకునే మనిషికి ఎక్కడ కొట్టాలో తెలుస్తుంది. నిజమే, ఆ అద్దంలో మొహం ఇక కనిపించదంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. నిజమే, అది లారీ చూసి చెయ్యి ఊపినప్పుడల్లా నాకు ఆ చెక్క బల్ల గుర్తొస్తుంది. బెంగ ఉంది. ఉంటే ఏం? బెంగతోనే తిప్పనంటున్నానా అని నన్ను నేను అడిగాను. అక్కడే, ఎండలో, అందరూ చూస్తుండగా అడిగాను. బెంగ మాటే వింటే నేను ఆ సీటుని ఎప్పుడో ముందుకి తిప్పి ఉండాలి. వెనక్కి తిరిగి కూర్చున్న ఆడది ఏం పోగొట్టుకుంటుందో చూస్తూ పెరిగినదాన్ని. నా కూతురికి ముందు దారంతా చూపించాలని నాకంటే ఎక్కువ ఎవరికుంటుంది? అమ్మ వెనక కూర్చున్నది నాన్న సుఖానికి. ఉడత వెనక్కి కూర్చున్నది దాని మెడ కోసం. ఈ రెండిటికీ పైకి పోలిక ఉందని నేను తికమకపడలేదు. ఈయన తన చెవుల కోసం తిప్పారు. ఏడుపు వినపడకూడదని తిప్పారు. దానికి నా చనిపోయిన తల్లిని సాయం తెచ్చుకున్నారు. ఆ మాటని నేను మరిచిపోను. మరిచిపోయే ప్రయత్నం కూడా చెయ్యను.

పాపని ఆయన చేతికిచ్చాను. సీటు బయటికి తీసి, వెనక్కి తిప్పి, మోకాలితో గట్టిగా అదిమి బెల్టు బిగించాను. పట్టుకుని ఊపాను. కదల్లేదు. పాపని తీసుకుని కూర్చోబెట్టి పట్టీలు పెట్టాను. తర్వాత చెయ్యి చాపాను.

“తాళాలు ఇవ్వండి. నేను నడుపుతాను. మీరు దాని పక్కన కూర్చోండి.”

“నేనా? వెనకా?”

“రోజూ నడిపేదాన్నే. ఆదివారం ఒక్కరోజు మరిచిపోనులెండి.”

“ఒరే, ఇచ్చెయ్యరా” అన్నారు అత్తగారు లోపలినుంచి. “ఇక్కడే పొద్దుపోయేలా ఉంది.”

ఇచ్చారు. ఊరు దాటకముందే పాప రాగం అందుకుంది. ఆయన మొదట సెల్‌ఫోన్ చూపించారు. తర్వాత గిలక్కాయ ఆడించారు. ఆ తర్వాత, “అదిగో లారీ, అదిగో” అని ముందుకి వేలు చూపించారు. దానికి ఎలా కనిపిస్తుంది? ఇంకా ఏడ్చింది. నేను సాయం చెయ్యలేదు. నాకూ ఎవరూ నేర్పలేదు. చాలా దూరం పోయాక, మెడ నొప్పెట్టేలా వెనక్కి తిరిగి, దాని కిటికీలోంచి చూస్తూ, దానికి ఏం కనిపిస్తోందో అదే చెప్పడం మొదలుపెట్టారు. ఏడుపు సన్నగిల్లింది.

“నా కాళ్ళకి ఇక్కడ చోటే లేదు” అన్నారు కాసేపటికి.

“మడుచుకోండి” అన్నాను.

అత్తగారు ముసిముసిగా నవ్వడం నా కంట పడింది. ఆయన నవ్వలేదు. ఇంకొంత దూరం పోయాక, “ఇంతకీ ఎప్పుడు తిప్పుతావ్?” అన్నారు. “మనం” అనలేదు.

“దాని తల సీటు అంచుని అందుకున్నప్పుడు. నేనే తిప్పుతాను. ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు.”

వెనక ఇద్దరూ నిద్రపోయారు. రోడ్డు పొలాలు దాటి చెట్లలోకి తిరిగింది. అత్తగారు రోడ్డునే చూస్తూ మాట్లాడారు.

“మీ మావయ్య ఉన్నన్నాళ్ళూ నేను ముందు సీటు ఎరగనమ్మాయ్. ఆయన పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు. తమ్ముడో, స్నేహితుడో. ఎవరూ లేకపోతే ఆయన బ్యాగు. ఆయన పోయాక వీడు మొదటిసారి నాకు ముందు తలుపు తీశాడు. కూర్చున్నాను. ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. రోడ్డు ఇంత వెడల్పుంటుందా అనుకున్నాను.”

మా అమ్మకి ఆ వంతు రాలేదు. నాన్న ఇంకా ఉన్నాడు. గేరు మార్చి మలుపు తిప్పాను. నేను ఆవిడ మీద జాలిపడాల్సిన చోటు అది. పడలేకపోయాను. ఇంత తెలిసిన మనిషి, తలుపు ఎవరు తీస్తే కూర్చున్నారో, ఎంత ఆలస్యంగా కూర్చున్నారో గుర్తుపెట్టుకున్న మనిషి, గుమ్మంలో నిలబడి నన్ను అన్ని మాటలు ఎలా అనగలిగారు?

ఆవిడ గొంతు తగ్గించారు. “ఇందాక నువ్వు లాగినప్పుడు చూశాను, సీటు ఎలా ఊగిపోయిందో. నా గుండె ఆగినంత పనైంది. తొందరపడి తిప్పకమ్మాయ్. వాడేమన్నా సరే.”

“తిప్పను” అన్నాను. ఆవిడ ముఖంలో ఊరట సర్దుకోబోయింది. దాన్ని సర్దుకోనివ్వలేదు.

“మీరు చెప్పారని మాత్రం కాదు అత్తయ్యా.”