సరిసమానమైన సంచులు

సంచులు ఖాళీ చేసే పని ఎప్పుడూ ఆమెదే. కొండమీది ఆ చిన్న ఊళ్లో రెండు గదుల వాటా అద్దెకు తీసుకుని, సామాను దించి ఇంకా ఊపిరి పీల్చుకోలేదు, అతను అప్పుడే నేలమీద మ్యాపు పరుచుకుని బోర్లా పడుకున్నాడు. ఇన్నేళ్లూ వీపున సంచులు తగిలించుకుని ఊరూరా తిరిగారు. ఇక ఇక్కడే ఉండిపోదాం, తీరిక దొరికినప్పుడల్లా కొండలెక్కుదాం అని అతను తీర్మానించాడు. ఆమె కాదనలేదు. ఆమెకీ కొండలంటే ఇష్టమే. పెళ్లికి ముందు ఇద్దరికీ పరిచయమైందే ఓ కొండదారిలో. ఈ ఊరికి కూడా అతని సరదా కొద్దీ బస్సెక్కకుండా అడవిదారిన నడిచే వచ్చారు.

అతని సంచిని ఒంటిచేత్తో ఎత్తి బల్లమీద పెట్టింది. తన సంచి అలా లేవలేదు. మోకాలు ఆన్చి రెండు చేతులా లాగితే గానీ పైకి రాలేదు. అనుమానమొచ్చి అతని సంచి మళ్లీ ఎత్తి చూసింది.

బయల్దేరే ముందు సంచులు తూచడం వాళ్లింటి ఆచారం. గుమ్మానికి కాటా వేలాడదీసి, రెండు సంచులూ ఒకే గీత మీదికి వచ్చేదాకా అతను పట్టుపట్టి సర్దేవాడు. "మా ఇంట్లో ఆడా మగా తేడా లేదండీ, బరువు సగం సగం" అని నలుగురిలో చెప్పుకునేవాడు. విన్నవాళ్లు ఆమె అదృష్టానికి మురిసిపోయేవాళ్లు. ఆమె కూడా మురిసిపోయింది, దాపరికమెందుకు. అయితే తిండి సామానంతా అతని సంచిలో, టెంటూ పొయ్యీ గిన్నెలూ ఆమె సంచిలో. మొదటిసారి ఎందుకలా సర్దారో ఎవరికీ గుర్తులేదు, అదే అలవాటైపోయింది. పూటపూటకీ అతని బరువు ఇద్దరి కడుపుల్లోకీ పోయేది. ఆమెది వీసమెత్తు తగ్గేది కాదు సరికదా, వాన పడితే టెంటు తడిసి ఇంకాస్త పెరిగేది. నాలుగు పూటలు గడిచేసరికి అతను ఈలలు వేసుకుంటూ ముందు నడిచేవాడు. "చూశావా, నడిచేకొద్దీ నాకు బలమొస్తుంది. నువ్వేంటి, అలా వాడిపోతావు?" అనేవాడు. ఆ మాట నమ్మి ఆమె డాక్టరు దగ్గరికెళ్లి రక్తం పట్టడానికి మాత్రలు రాయించుకుంది. ఇప్పుడా మాత్రలు తల్చుకుంటే నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. అతను మోసగాడు కాదు. అదే వచ్చిన చిక్కు. మోసం చేసి ఉంటే నాలుగు మాటలు దులిపేసి ఊరుకునేది.

బరువు సంగతి అలా ఉంచితే, ఇంతవరకూ ఆమె ఒక్క కొండా చివరిదాకా ఎక్కలేదు. ఆఖరి రోజు పొద్దున్నే అతను నీళ్ల సీసా ఒక్కటి పట్టుకుని పైకి వెళ్లేవాడు. టెంటు గాలికి పోకుండా, తిండి జంతువుల పాలుకాకుండా ఒకరు కింద ఉండాలి కదా. పైగా అత్తగారు ప్రతిసారీ ఫోనులో గుర్తుచేసేది: "వాడికి కొండలంటే ప్రాణమమ్మా. దిగొచ్చేసరికి కాస్త వేడిగా ఏదైనా చేసిపెట్టు, అలిసిపోయి ఉంటాడు పాపం." కోడలు కూడా అంత దూరం నడిచే వస్తుందని ఆవిడకి తెలుసు, ఆ క్షణానికి గుర్తుండదు, అంతే. అతను దిగొచ్చి అవతలి వైపు ఎలా ఉందో చేతులు తిప్పుతూ చెబుతుంటే, ఆమె గిన్నె కడుగుతూ వినేది. వినీ వినీ ఆ అవతలి వైపు మీద ఆమెకి ఆకలి లాంటిది పుట్టింది.

సాయంత్రం పై వాటా దంపతులు పలకరించడానికి వచ్చారు. ఆమె టీ పెట్టి తెచ్చేసరికి అతను మ్యాపు చూపిస్తూ ఊగిపోతున్నాడు. పై వాటావిడ కప్పు అందుకుంటూ, "మీరెన్ని కొండలెక్కారండీ?" అని ఆమెనే అడిగింది.

"తనా? కింది క్యాంపు మహారాణి," అన్నాడతను. "రమ్మన్నా పైకి రాదు."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. రమ్మన్నా రాదట! ఎప్పుడు రమ్మన్నాడు? ఏ కొండ కింద? వాళ్లు కబుర్లు చెప్పుకుంటున్నంతసేపూ ఆమె ఒక్కొక్క కొండా గుర్తు తెచ్చుకుంటూ కూర్చుంది. ఆ పిలుపు ఎక్కడా దొరకలేదు. సిగ్గుగా అనిపించింది, పిలవనందుకు కాదు, అందరితో కలిసి తనూ నవ్వినందుకు.

వాళ్లు వెళ్లాక అతను మళ్లీ మ్యాపు ముందు చేరాడు. "ఇటు రా, చూడు. వచ్చేవారం ఈ కనుమ. దానిమీద నిలబడితే అవతలి లోయంతా కనపడుతుందట."

ఆమె పక్కన కూర్చుని చూసింది. "ఈసారి నేను పైదాకా వెళ్తాను," అంది.

"వెళ్లు, వద్దన్నానా?" తలెత్తకుండానే అన్నాడు. పెన్సిలు పంటికింద పెట్టుకుని కాసేపు ఆలోచించాడు. తర్వాత నిజంగానే అర్థంకాని వాడిలా ఆమె వైపు తిరిగాడు. "అవునూ, మరి టెంటు దగ్గరెవరుంటారు?"

వెటకారం లేదు ఆ గొంతులో. నిజంగానే తెలియక అడుగుతున్నాడు. ఇన్నేళ్లూ ఈ ప్రశ్న వచ్చేదాకా ఆగకుండా ఆమే ముందుగా పొయ్యి దగ్గర కూర్చునేది. ఇప్పుడు మాత్రం ఆమె కంగారు పడలేదు, సర్దిచెప్పలేదు.

"నువ్వుండు," అంది. "నేను వెళ్లొస్తాను."