మిన్చోవిత్సా పరుగు

కాల్చిన మిరపకాయల తొక్క వేడిమీదే ఒలవాలి. చల్లారితే గుజ్జును కూడా పట్టుకుని వస్తుంది. అందుకే సెప్టెంబరు నెలంతా నా వేళ్ళు చురచురలాడుతూనే ఉంటాయి. ఆ రోజు కూడా పెరట్లో బల్ల ముందు కూర్చుని, చలికాలానికి సీసాల్లో పెట్టడానికి తొక్కలు తీస్తున్నాను. ద్రాక్షపందిరి కింద కాఫీ తాగుతున్న మా ఆయన మిన్చో, "ఈసారన్నా ఉప్పు తగ్గించు. పోయినేడు నోట్లో పెట్టుకోలేకపోయాం" అన్నాడు. నోట్లో పెట్టుకోలేని ఆ సీసాలన్నీ మార్చి నెలకల్లా ఎవరు ఖాళీ చేశారో నేను అడగలేదు.

అప్పుడే పఠనాలయం చూసుకునే రలిత్సా గేటు తోసుకుని వచ్చింది. మనవరాలి వయసు పిల్ల. "అమ్మమ్మా, ఆదివారం పరుగు ఉందిగా. అందరూ అయ్యాక తినడానికి నీ చేతి బనిత్సా రెండు పళ్ళేలు చేసిపెట్టవూ?" అంది.

మా పఠనాలయం పై గదిలో ఊరి ఆడవాళ్ళం కొంతమందిమి కలిసి పాడుకుంటాం. కప్పు కుంగి, రెండు చలికాలాలుగా ఆ గదికి తాళం పడింది. పాట కసాయి కొట్టు వెనక షెడ్డులోకి మారింది. కప్పు బాగుచేయించాలని రలిత్సా ఈ పరుగు పెట్టింది. పరుగెత్తే ప్రతివాళ్ళూ తమకు తోచినంత ఇస్తారు. మగవాళ్ళు, కుర్రాళ్ళు పరుగెత్తాలి. మేం పిండి పొరల మధ్య జున్ను పెట్టి బనిత్సాలు కాల్చాలి. ఆ పంపకం ఎవరు చేశారో ఎవరికీ తెలియదు. అది ఎప్పటినుంచో చేసే ఉంది.

నాకా గదంటే ఎందుకంత ప్రాణమో మిన్చోకి తెలియదు. వయసులో ఉన్నప్పుడు అతను పఠనాలయానికి కాపలాదారు. మూడేళ్ళు లిబియాలో కట్టడం పనికి వెళ్ళినప్పుడు ఉద్యోగం పోకూడదని అతని పనంతా నేనే చేశాను. నేల తుడిచాను, చలికాచే పొయ్యి రాజేశాను, మంచు ఎత్తిపోశాను. జీతం అతని పేరునే వచ్చేది. "నువ్వేం చేశావు, ఇంట్లో తుడిచేదానివి అక్కడా తుడిచావు, అంతేగా" అనేది మా అత్తగారు. నిజమే. కాకపోతే ఇంట్లో తుడిచేటప్పుడు ఆ పై గదిలోలా చుట్టూ పుస్తకాలుండవు. తమ్ముళ్ళని ఎత్తుకోవడానికి బడి మానేసిన నేను, ఒక చేత్తో తుడుపుకర్ర పట్టుకుని ఇంకో చేత్తో పుస్తకం తెరిచి, పెదవులు కదుపుతూ చదవడం నేర్చుకున్నాను. మొదటి పుస్తకం పూర్తి చేసినప్పుడు ఎవరికి చెప్పాలో తెలియక పొయ్యికి చెప్పాను.

రలిత్సా జవాబు కోసం చూస్తోంది. నా నోట్లోంచి వచ్చిన మాట నాకే వింతగా వినిపించింది. "బనిత్సా చెయ్యనమ్మా. పరుగెత్తుతాను."

మిన్చో కాఫీ కప్పు కింద పెట్టాడు. "ఏమిటీ?"

"పరుగు. నన్నూ రాసుకో, రలిత్సా."

ఆ పిల్ల కళ్ళు మెరిశాయి. "నంబరు గుడ్డ మీద పేరేం రాయను అమ్మమ్మా?" అని అడిగింది. మిన్చోవిత్సా అనబోయాను. ఊరంతా నన్నలాగే పిలుస్తుంది, మిన్చో భార్య అని. "వెలికా" అన్నాను. వెలికా అంటే గొప్పది అని. ఇంత పొట్టిదానికి ఆ పేరేమిటని మా అత్తగారు ఎప్పుడూ నవ్వేది. తర్వాత ఆ పేరే తీసేసింది.

ఆ వారమంతా ఇంట్లో మిన్చోది ఒకటే మాట. "మోకాళ్ళున్నాయా నీకు?" "దారిలో పడితే ఎవడు మోసుకురావాలి?" "ఆడది పరుగెత్తిందంటే ఇల్లు తగలబడుతూనైనా ఉండాలి, ఎవడితోనైనా లేచిపోతూనైనా ఉండాలి అనేది మా అమ్మ." "ఇల్లు తగలబడట్లేదు" అన్నాను. కాసేపు ఆలోచించి, "లేచిపోదామంటే ఎవడున్నాడు, నీ స్నేహితులందరికీ నీకంటే పెద్ద పొట్టలు" అన్నాను. చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. నవ్వినందుకు మళ్ళీ కోపం తెచ్చుకుని, "రెండో మలుపు దగ్గర్నుంచే వెనక్కొస్తావు చూడు" అన్నాడు.

నాకూ అదే భయం. నాకు భయాలెక్కువ. గ్యాసు కట్టానా లేదా అని వీధి చివర్నుంచి వెనక్కి వచ్చి చూసుకునే మనిషిని. అయినా రోజూ పొద్దున్నే ద్రాక్షతోటల దారిలో వడివడిగా నడవడం మొదలుపెట్టాను. ఎదురొచ్చిన వాళ్ళంతా ఆగిపోయి, "ఎవరు పోయారు, మిన్చోవిత్సా?" అని అడిగేవాళ్ళు. ముసలిది అంత తొందరగా వెళ్తోందంటే చావు కబురే అయ్యుండాలి కదా. "ఎవరూ పోలేదు, పాపం అందరూ బతికే ఉన్నారు" అని అరిచి ముందుకు పోయేదాన్ని.

ఆదివారం పొద్దున గ్యాసు మూడుసార్లు చూశాను. తలుపు దాటి గేటు బయట వీధిలో నిలబడ్డాను. అక్కడ ఒక్కసారిగా కాళ్ళు కదల్లేదు. ఎందుకో మొదట అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, ఎవరైనా బయల్దేరే వేళ నేనెప్పుడూ గేటుకి ఇటుపక్క నిలబడలేదు. నాది లోపలి వైపు. ఇంట్లోంచి ఎవరైనా వెళ్తుంటే వాళ్ళ వెనక నీళ్ళు పోస్తాం మేం, దారి నీళ్ళలా సాఫీగా సాగాలని. మిన్చో లిబియాకి వెళ్ళినప్పుడు పోశాను. మా చెల్లెలు పెళ్ళయి కొండల అవతలికి వెళ్ళినప్పుడు పోశాను. స్పెయిన్లో ఎవరో ముసలావిడని చూసుకోవడానికి మా అమ్మాయి స్నెజా వెళ్ళినప్పుడు సగం నా కాళ్ళ మీదే పోసుకున్నాను. నా పక్కన నిలబడి పాడే తోన్కాకి కూడా పోశాను. తను చెల్లెలి దగ్గరికని పట్నం వెళ్ళి, ఇక రాలేదు. మనుషుల వీపులు చూసీ చూసీ, ముఖాలకంటే వీపులే బాగా గుర్తుండిపోయాయి నాకు.

"ఆగు" అన్నాడు మిన్చో గేటు లోపల్నుంచి. ఇంట్లోకి వెళ్ళాడు. వెనక్కి పిలుస్తాడేమో, మందులో మాకులో గుర్తు చేస్తాడేమో అనుకున్నాను. బకెట్టుతో వచ్చాడు. నిండు బకెట్టు. వెలికా, నడువు అనుకుని నాలుగడుగులు వేశానో లేదో, వెనక నుంచి ఝల్లున నీళ్ళు వచ్చి మడమల నుంచి పిక్కల దాకా తడిసిపోయాయి.

"ఇలాగా పొయ్యడం?" అని వెనక్కి తిరిగి అరిచాను. తిరగకూడదని కూడా మర్చిపోయాను.

ఖాళీ బకెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "నాకేం తెలుసే ఎలా పొయ్యాలో? వెళ్ళేటప్పుడు వెనక్కి చూడకూడదంటారుగా. నువ్వెలా పోసేదానివో నేనెప్పుడూ చూళ్ళేదు."

దానికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. బూట్లు చిత్తడి చిత్తడిగా చప్పుడు చేస్తుంటే నవ్వే వచ్చింది. ఆ నవ్వుతోనే చర్చి ముందున్న బయలుదేరే చోటికి చేరాను.

కుర్రాళ్ళంతా మొదటి మలుపులోనే మాయమైపోయారు. పట్నం నుంచి వచ్చిన లావుపాటి మాస్టారొకాయన నాతో కాసేపు వచ్చి, "అమ్మా, మీరు వెళ్ళండి, నేను ఊపిరి వెతుక్కుంటాను" అని గట్టు మీద కూర్చున్నాడు. ఆయన మళ్ళీ లేచి నన్ను దాటి వెళ్ళిపోయాడు, అది వేరే సంగతి. చివరికి నా వెనక మిగిలింది, వెనకబడినవాళ్ళని ఎక్కించుకునే కారొక్కటే. మా పక్కింటి గెంచో నడుపుతున్నాడు. కిటికీలోంచి తల పెట్టి, "పిన్నీ, ఎక్కు, ఎవరికీ చెప్పన్లే" అన్నాడు.

"నువ్వే దిగి నడువు, పొట్ట తగ్గుద్ది."

రెండో మలుపు వచ్చింది. మిన్చో చెప్పిన మలుపు. ఆగితే ఏమవుతుంది, ఎవరేమంటారు, ముసలిదానివి చాల్లే అంటారు, అంతేగా, అని లోపల ఒక గొంతు. అది మా అత్తగారి గొంతే. ఆమె పోయి ఎన్నేళ్ళయినా ఆమెకి మాత్రం నేను వీడ్కోలు చెప్పలేకపోయాను. "అత్తయ్యా, ఇక నువ్వు దిగు" అన్నాను పైకే. వెనక గెంచో, "నన్నా?" అని అరిచాడు.

పై ఊటబావి దగ్గర మా పాట ఆడవాళ్ళు నిలబడ్డారు, చేతులకి ఇంకా పిండి. నన్ను చూడగానే ఒకావిడ పాట ఎత్తుకుంది, మిగతావాళ్ళు శ్రుతి పట్టారు. ఎప్పుడూ ఆ శ్రుతి పట్టేది నేను. పాట అంతా వేరేవాళ్ళు పాడుతుంటే కింద ఒకే స్వరం మీద నిలబడేదాన్ని. ఈసారి అది నా కింద పరిచినట్టుంది. వాళ్ళని దాటాక కూడా, ఒకరి ఊపిరి అయిపోతే ఇంకొకరు అందుకుంటూ, కనుమరుగయ్యే దాకా వదల్లేదు. నేను నడిచానా, పరుగెత్తానా, గెంచో చెప్పాలి. నాకు మాత్రం ఎగిరినట్టుంది.

పఠనాలయం ముందుకి వచ్చేసరికి రిబ్బను చుట్టేస్తున్నారు. రలిత్సా పరుగున వచ్చి మళ్ళీ విప్పి అడ్డంగా పట్టుకుంది. నేను దాన్ని కడుపుతో తాకాను. ఊళ్ళోవాళ్ళు, పట్నంవాళ్ళు చప్పట్లు కొట్టారు. కప్పుకి సరిపడా డబ్బు వచ్చిందని రలిత్సా నన్ను గిరగిరా తిప్పేసింది. "ఇవాళొక్క రోజుకి తాళం తీస్తానమ్మమ్మా. కుంగినవైపు వెళ్ళకుండా కిటికీ పక్కన పాడుకోండి" అంది. కొండ దిగివచ్చిన మా ఆడవాళ్ళు అప్పుడే మెట్లెక్కుతున్నారు.

చప్పట్లు కొట్టిన గుంపులోంచి మిన్చో వచ్చాడు. నా తడి బూట్లు చూశాడు, తలకాయ గోక్కున్నాడు. "అయితే వెనక్కి రాలేదన్నమాట" అన్నాడు. ఆ తర్వాత మెల్లిగా, "ఇంటికి పోదామా? ఆకలేస్తోంది" అన్నాడు.

"నువ్వెళ్ళు. కుండలో చిక్కుడు గింజల పులుసుంది, వెచ్చబెట్టుకో. నేను పైకి వెళ్ళి పాడతాను."

అతను రెండడుగులు వేసి ఆగాడు. యాభై ఏళ్ళ కాపురంలో మా ఇంట్లో ఎప్పుడూ నేనే అడిగిన ప్రశ్న, గేటు లోపల్నుంచి అడిగిన ప్రశ్న, మొదటిసారి అతని నోట్లోంచి వచ్చింది.

"ఎప్పుడొస్తావు?"

"తెలీదు" అన్నాను, మెట్లెక్కుతూ. "పాట ఎప్పుడైపోతే అప్పుడు."